హైజీనిస్ట్ విద్యార్థులకు చిగుళ్ల జబ్బు ఎలా చెప్పాలి? రక్తం చూడగానే పెరియోడాంటైటిస్ అంటున్నారు

ప్రశ్న – కొత్త ట్యూటర్

నమస్తే అండీ. డెంటల్ హైజీనిస్ట్ డిప్లొమా మొదటి ఏడాది వాళ్లకు పెరియో (చిగుళ్ల జబ్బుల) క్లాసులు ఈ నెల నుంచి నాకు ఇచ్చారు. పిల్లలు చురుకైనవాళ్లే. 2017 వర్గీకరణలోని నాలుగు స్టేజీలూ (జబ్బు ఎంత ముదిరిందో), మూడు గ్రేడ్లూ (ఎంత వేగంగా ముదురుతోందో) అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు. పేషెంట్ దగ్గర కూర్చోబెడితే మాత్రం రక్తం కనబడగానే 'పెరియోడాంటైటిస్' (చిగురు పంటి పట్టు వదిలేసే జబ్బు) అని రాసేస్తున్నారు. ప్రోబ్ (చిగురు పక్కన లోతు కొలిచే, గీతలున్న సన్నని పుల్ల) 5 మి.మీ. దిగిందంటే ఇక అనుమానమే లేదు. రక్తం రాకపోతే 'నార్మల్'. ఆ వర్గీకరణ టేబుల్ మళ్లీ మొదటి నుంచి చెప్పమంటారా?

జవాబు – పెరియో విభాగం మేడమ్

టేబుల్ కొన్నాళ్లు బీరువాలో పెట్టేయండి సార్. వాళ్లు చిగుళ్ల అంచు దగ్గర కొలత మొదలుపెట్టి, ప్రోబ్ ఆగిన చోట చదివేసి ఊరుకుంటున్నారు. ఆ అంచు వాచితే పైకొస్తుంది, అరిగితే కిందికి పోతుంది. కదలనిది సీఈజే ఒక్కటే, అంటే పంటి కిరీటం, వేరు కలిసే గీత. చిగురు ఎంత పట్టు వదిలిందో అక్కడి నుంచి లెక్కపెట్టాలి.

బోర్డు మీద ఇద్దరు పేషెంట్లను వేయండి. మొదటావిడ బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతోంది, చిగుళ్లు ఉబ్బి ఉన్నాయి. ప్రోబ్ 5 దిగింది, రక్తం వచ్చింది. కానీ చిగుళ్ల అంచు సీఈజేకి 5 మి.మీ. పైన ఉంది. ఐదులోంచి ఐదు తీసేస్తే సున్నా. అది ఉత్తుత్తి పాకెట్ (చిగురుకీ పంటికీ మధ్య గుంట), వాపు వల్ల లోతుగా కనిపిస్తుంది. పట్టు ఎక్కడా వదల్లేదు.

రెండో ఆయన ఏళ్ల తరబడి చుట్ట తాగుతున్నాడు. పళ్ల సందులో ప్రోబ్ 3 మాత్రమే దిగింది, రక్తం చుక్క లేదు. మీ పిల్లలు 'నార్మల్' అంటారు. కానీ చిగురు సీఈజే నుంచి 4 మి.మీ. కిందికి జారిపోయి ఉంది. మూడూ నాలుగూ ఏడు, అంటే పట్టు 7 మి.మీ. వదిలింది. పక్కపక్కన లేని ఇంకో పంటి సందులోనూ ఇలాగే ఉంటే కనీసం స్టేజ్ 3. పొగ తాగేవాళ్లలో చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది కాబట్టి, రక్తం రాకపోవడం వాళ్ల విషయంలో ఊరట కాదు. ఈ రెండు లెక్కలూ వాళ్ల చేతే చేయించండి. మీరు చెప్పేయకండి.

ఇక చెయ్యి. చాలామంది ప్రోబ్‌ను గుచ్చుతారు. ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లు కూడా గుచ్చితే రక్తం కారుస్తాయి! వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఒకటి తెచ్చి, ప్రోబ్ మొనతో 20 నుంచి 25 గ్రాములు చూపించేలా నొక్కమనండి. చెయ్యి అలవాటు పడేదాకా అదే పని. తర్వాత సొంత బొటనవేలి గోటి కింద మొన పెట్టుకుని చూడమనండి, నొప్పి తెలియకూడదు.

విలియమ్స్ ప్రోబ్ ఇస్తే ఒక హెచ్చరిక: దాని మీద 4, 6 గీతలు ఉండవు. 3 తర్వాత 5, ఆ తర్వాత 7. గీతలు ఒక్కొక్కటే లెక్కబెట్టుకుంటూ పోయేవాడు 5ని 4 అని, 7ని 5 అని రాస్తాడు.

క్లినిక్ హైజీనిస్ట్

మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కొత్తవాళ్లు పంటి మధ్యలో కొలిచి ముగించేస్తారు. జబ్బు ఎక్కువగా దాక్కునేది పళ్ల సందుల్లో. పంటికి ఆరు చోట్ల, అందులో నాలుగు సందుల వైపువే. పక్కపన్ను తగిలే చోట ప్రోబ్‌ను కొద్దిగా వాల్చకపోతే అడుగు అందదు.

పేషెంట్‌తో మాట్లాడటం కూడా క్లాసులోనే నేర్పండి సార్. 'గార తీస్తే పళ్లు కదులుతాయమ్మా' అనే మాట రోజూ వింటాం. లూజైన పళ్లను గడ్డకట్టిన గారే పట్టి ఉంచుతుంది కొందరిలో. అది తీయగానే అంతకుముందే ఉన్న కదలిక బయటపడుతుంది, వాపు దిగేసరికి సందులూ కనిపిస్తాయి. ఈ మాట స్కేలింగ్‌కు (గార తీయడానికి) ముందే చెప్పాలి. తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

కొత్త ట్యూటర్

చాలా థాంక్స్ అండీ. నిన్న ఒకమ్మాయి అడిగింది: 'మా తాత ఏనాడూ బ్రష్ పట్టలేదు, వేపపుల్లే. ఎనభై ఏళ్లు, పళ్లన్నీ ఉన్నాయి. మరి ఆయనకు రాలేదేం?' ఏం చెప్పాలో తోచలేదు.

పెరియో విభాగం మేడమ్

భలే ప్రశ్న. రెండు పాత అధ్యయనాలు చెప్పండి, రెండింట్లోనూ హెరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడు ఉన్నారు. 1965లో ప్రచురించిన మొదటిదాంట్లో, డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో 12 మంది పళ్లు తోముకోవడం మానేశారు. రెండు మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం, పది రోజుల్లో తగ్గిపోయాయి. జింజివైటిస్ (పట్టు వదలకుండా చిగుళ్లు వాచడం మాత్రమే) వెనక్కి మళ్లుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. (క్లాసులో చేయించకండి, ఎరిత్రోసిన్ రంగు వేసి పాచి చూపిస్తే చాలు!)

రెండోది శ్రీలంక తేయాకు తోటల కూలీల మీద, 1970 నుంచి 15 ఏళ్లు. వాళ్లెవరికీ పళ్లు శుభ్రం చేసుకునే అలవాటు లేదు. అందరికీ పాచీ వాపూ ఉన్నాయి. అయినా 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతానికి మధ్యస్థంగా, 11 శాతానికి జింజివైటిస్ దాటలేదు. వేపపుల్ల సంగతి అటుంచి, ఆ తాత ఈ 11 శాతం లాంటి మనిషి కావచ్చు. పాచి అందరికీ ఒకటే, ఒంటి స్పందన వేరు. గ్రేడ్లు ఎందుకు పెట్టారో ఇక్కడ చెబితే వాళ్లకు ఎక్కుతుంది: రోజుకు 10 లేదా అంతకంటే ఎక్కువ సిగరెట్లు తాగినా, షుగరున్నవాళ్లకు రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 7 శాతం లేదా ఆపైన ఉన్నా గ్రేడ్ సి, అంటే వేగంగా ముదిరే రకం.

కొత్త ట్యూటర్

అయితే బుధవారం కాటాతో మొదలుపెడతాను. కొలతలు సరిగ్గా వస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది మేడమ్?

పెరియో విభాగం మేడమ్

ఒకే పేషెంట్‌కు ఇద్దరు విడివిడిగా కొలిచి రాయాలి, ఒకరి చార్ట్ ఇంకొకరు చూడకూడదు. 1 మి.మీ. తేడా వస్తే వదిలేయండి. 2 వచ్చిందంటే మీరు పక్కన నిలబడి ఇద్దరి చేతా మళ్లీ కొలిపించండి. పేషెంట్ చిగుళ్లు ఎర్రగా వాచి ఉంటే మాత్రం ఆ రోజు ఈ పరీక్ష వద్దు, ఆయన్ను ఊరికే బాధపెట్టినట్టవుతుంది. స్కేలింగ్ అయి ఆరు వారాలకు రీ-ఎవాల్యుయేషన్‌కు (మళ్లీ పరీక్షకు) వచ్చినప్పుడు పెట్టుకోండి.