కాశీ మజిలీ కథల బోర్డ్ గేమ్: గవ్వలు ఉంచాలా, తీసేయాలా?

గవ్వల_సంచి (మహబూబ్‌నగర్):
మధిర సుబ్బన్న దీక్షితులు 12 భాగాలుగా రాసిన కాశీ మజిలీ కథలను బోర్డ్ గేమ్‌గా చేస్తున్నా. బోర్డు ఫొటో పెట్టాను. ఒకరు కాశీకి నడిచిపోయే యతి మణిసిద్ధుడు, ఒకరు ఆయన వెంట వెళ్లే గొల్ల పిల్లాడు. నాలుగు గవ్వలు వేసి నడవాలి. మజిలీ రాగానే పిల్లాడు ఒక వింత కార్డు తీసి "గిదేందయ్యా?" అని అడుగుతాడు. సిద్ధుడు చేతిలోని మూడు కార్డులతో అప్పటికప్పుడు కథ అల్లాలి. అల్లలేకపోతే పిల్లాడు ఇంటిదారి పడతాడు, అందరూ ఓడినట్టే. అడిగినదానికల్లా కథ చెప్తేనే వెంట వస్తానన్నది పుస్తకంలో షరతే. గవ్వలు ఉంచాలా, వద్దా?

అరుగు_మాస్టారు (నల్లగొండ):
వద్దు. మీ ఫొటో చూసి అరుగు మీద సుద్దతో గీసి ఆడించాను. చెమ్మ పడింది, నాలుగు. ఇంకోసారి వేశాం. అష్ట పడింది, ఎనిమిది. పన్నెండు గళ్లలో రెండు మజిలీలు దూకేశాం. ఆ రెండు కథలు ఎవరు చెప్తారు?

జడ్చర్ల_బస్సు:
పిల్లలమర్రి కింద ఒక మజిలీ పెట్టన్నా. నీడకు ఢోకా లేదు.

గవ్వల_సంచి:
ఎంత పడినా మజిలీలో ఆగాల్సిందే అని రూల్ పెడితే సరి సార్. 2000లో గేమ్ డిజైనర్ రైనర్ క్నిజియా 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' పుస్తకాలను బోర్డ్ గేమ్‌గా చేశాడు. ఆడేవాళ్లంతా ఒకే పక్షం. ఉంగరం మోసేవాడు విలన్ సౌరాన్‌కు చిక్కితే అందరూ ఓడినట్టే. అందులోనూ పాచిక ఉంది.

అరుగు_మాస్టారు:
చెమ్మ పడ్డా ఆగాలంటే ఇక చెమ్మ ఎందుకు? నా 12 భాగాల్లో నాలుగు మా మేనల్లుడు పట్టుకెళ్లాడు, ఇంతవరకు తేలేదు. ఇప్పుడు మీరేమో ఎవరికి తోచిన కథ వాళ్లు అల్లుకోవచ్చంటున్నారు. ఇక పుస్తకంతో పనేముంది?

గద్వాల_అక్క:
మేనల్లుడి మీది కోపం గవ్వల మీద తీస్తున్నారేంటి బాబాయ్.

పులి_మేక:
పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. గవ్వలే లేవు. తీసేయండి.

గవ్వల_సంచి:
మాస్టారూ, మీ బాధ గవ్వలు కాదు. నిన్న నాకు విడిగా మెసేజ్ పెట్టారు, "గిదేందయ్యా అని అచ్చేసి పుస్తకం పరువు తీస్తున్నావు" అని. అది ఇక్కడ చెప్పండి.

అరుగు_మాస్టారు:
చెప్తా. బడిలో "గిట్ల" అన్నందుకు నన్ను బెంచీ ఎక్కించారు. క్లాసంతా నవ్వింది. ఈ పుస్తకాలు గట్టిగా చదివి చదివి నాలుక తిప్పుకున్నా. ఆ తెలుగు నాకు ఊరికే రాలేదు. ఇప్పుడు అదేమీ అక్కర్లేదంటారా?

గవ్వల_సంచి:
మా అవ్వకు చదువు రాదు. మక్తల్‌లో వాకిట్లో పల్లీలు ఒలుస్తూ ఈ కథలే చెప్పేది. సిద్ధుణ్ణి "మనిసిద్దుడు" అనేది. ఒకసారి చెప్పిన తీరు ఇంకోసారి ఉండేది కాదు. మధ్యలో నిద్రపోతే రాకుమారుడు ఏమయ్యాడో మర్నాడు కొత్తగా చెప్పేది. మూడు కార్డులు అక్కడి నుంచే వచ్చాయి.

అరుగు_మాస్టారు:
అవ్వ నోటితో చెప్పడం వేరు, అట్టముక్క మీద అచ్చేయడం వేరు. నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు.

గద్వాల_అక్క:
నవ్వితే నవ్వనీయండి. గొల్ల పిల్లాడు పంతులు గారిలా అడుగుతాడా?

జడ్చర్ల_బస్సు:
ఇంతకీ గవ్వలు ఉన్నట్టా, లేనట్టా?

అరుగు_మాస్టారు:
ముందు మజిలీకీ మజిలీకీ మధ్య పదమూడు గళ్లు గీసి ఫొటో పెట్టు. సుద్దముక్క ఇంకా ఉంది.