వీపీఎన్ తీసేస్తే జీరో ట్రస్ట్ వచ్చినట్టేనా? ఇద్దరే ఉన్న బృందం ఎక్కడ మొదలుపెట్టాలి?

సర్వర్‌గది (ప్రశ్న)

మా సంస్థలో సుమారు 200 మంది ఉద్యోగులు. సగం మంది ఇంటి నుంచే పనిచేస్తారు. నెట్‌వర్క్, సర్వర్లు చూసుకునేది నేనూ, మరొకరూ. వీపీఎన్‌లోకి (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కు చేర్చే సురక్షిత మార్గం) వచ్చినవారికి ఫైల్ సర్వర్, లెక్కల సాఫ్ట్‌వేర్, టెస్ట్ సర్వర్లు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో కనిపిస్తాయి. లోపలివారినైనా తనిఖీ లేకుండా నమ్మని జీరో ట్రస్ట్ పద్ధతికి మారాలని యాజమాన్యం పట్టుబడుతోంది. తమ పరికరం పెడితే చాలు, వీపీఎన్ అక్కర్లేదని ఒక విక్రేత చెబుతున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. పైగా అడుగడుగునా పాస్‌వర్డ్ అడిగితే ఉద్యోగులు ఊరుకోరు. ముందుగా ఏ పని పెట్టుకోవాలి?

రాత్రిషిఫ్టు

ముందు ఒక మాట చెప్పండి. ఈమెయిల్‌కూ వీపీఎన్‌కూ రెండో అంచె ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు అడగడం, ఉందా? లేకపోతే మిగతా చర్చ తరవాత, ముందు అది పెట్టండి.

సర్వర్‌గది

ఈమెయిల్‌కు ఉంది. వీపీఎన్‌కు పాస్‌వర్డ్ మాత్రమే.

అనుమతులపట్టిక

రాత్రిషిఫ్టు గారు సరిగ్గా పట్టుకున్నారు. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దుండగులు దూరింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతా నుంచే. దానికి పాస్‌వర్డ్ తప్ప మరో కాపలా లేదు. ఇంధన సరఫరా కొన్ని రోజులు నిలిచిపోయింది. మీ వీపీఎన్ ఖాతాల జాబితా ఈరోజే తీసి, వెళ్లిపోయినవారి పేర్లు తొలగించండి.

ఇక విక్రేత సంగతి. జీరో ట్రస్ట్ కొనుక్కొచ్చి బిగించే పరికరం కాదు. 2010లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థలో ఉండగా జాన్ కిండర్‌వాగ్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. లోపలి నెట్‌వర్క్ నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో దేన్నీ నమ్మకూడదన్నదే దాని సారం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020 ఆగస్టులో తెచ్చిన 800-207 పత్రంలో ఇది పనిచేసే తీరు ఉంది. ఎవరు అడుగుతున్నారు, ఏ యంత్రం నుంచి, ఆ యంత్రం స్థితి ఎలా ఉంది, అడుగుతున్నది దేన్ని అని చూసి అనుమతి ఇవ్వాలో వద్దో వ్యవస్థలో ఒక భాగం నిర్ణయిస్తుంది. మరో భాగం ఆ వనరు (ఫైలు, అప్లికేషన్ వంటిది) ముందు ఉండి నిర్ణయాన్ని అమలు చేస్తుంది. ఇచ్చిన అనుమతి ఆ వనరుకూ, ఆ సెషన్‌కూ (ఆ ఒక్కసారి వాడకానికి) మాత్రమే. పత్రం ఉచితంగా దొరుకుతుంది. ఏడో అధ్యాయం పూర్తిగా మారే క్రమం గురించే. అది చదివాకే విక్రేతతో కూర్చోండి, మీరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

మీరు మొదలుపెట్టాల్సింది నెట్‌వర్క్ దగ్గర కాదు, డేటా దగ్గర. పోతే సంస్థ మునిగిపోయేది ఏదో ఒకటి ఎంచుకోండి. ఉదాహరణకు జీతాల ఫోల్డర్. దాని ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి ఒక్కో పేరూ చదవండి. మా దగ్గర అలా చూసినప్పుడు జీతాల విభాగం కింద ‘డొమైన్ యూజర్స్’ అని కనబడింది. అంటే సంస్థలో ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ! దాని కింద పేరుకు బదులు ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి సంఖ్య. ఎప్పుడో తొలగించిన ఖాతా తాలూకు గుర్తు అది. ఎవరిదో చెప్పగలిగినవారు లేరు. ఇలాంటి పట్టిక మీద ఎంత ఖరీదైన పరికరం పెట్టినా, అది ఆ తప్పుడు అనుమతులనే నమ్మకంగా అమలు చేస్తుంది. నాకు ఈ విషయంలో రాజీ లేదు: పట్టిక శుభ్రం కాకుండా కొనుగోలు ఆర్డరు మీద సంతకం పడకూడదు.

పాస్‌వర్డ్ గురించి మీ భయం న్యాయమే కానీ, జరిగేది దానికి విరుద్ధం. ఒకే లాగిన్‌తో అన్ని అప్లికేషన్లూ తెరుచుకునే సింగిల్ సైన్ ఆన్ పెడితే ఉద్యోగి ఉదయం ఒకసారి లాగిన్ అవుతారు. ల్యాప్‌టాప్ సంస్థదేనా, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా, అప్‌డేట్లు పడ్డాయా అన్న తనిఖీ వారికి తెలియకుండానే సాగుతుంది. ఏదైనా తేడా కనిపిస్తేనే మళ్లీ అడుగుతుంది. రెండో అంచెకు మాత్రం ఫోనులో ‘అవును’ నొక్కే పద్ధతి పెట్టకండి. 2022 సెప్టెంబరులో ఊబర్‌లో ఒక కాంట్రాక్టరుకు దుండగుడు అలాంటి అభ్యర్థనలు వరసగా పంపుతూ పోతే, చివరికి ఆ కాంట్రాక్టరు ఒకదాన్ని ఆమోదించారు. పాస్‌కీ (పరికరంలో దాచే డిజిటల్ తాళంచెవి) గానీ ఫైడో2 కీ (విడిగా చేతిలో ఉండే చిన్న భద్రతా పరికరం) గానీ ఇవ్వండి. అవి అసలు సైటు చిరునామాకే కట్టుబడి ఉంటాయి కాబట్టి నకిలీ పేజీలో పనిచేయవు.

రాత్రిషిఫ్టు

మనుషుల ఖాతాలతో పని అయిపోదు. రాత్రి బ్యాకప్ తీసే ఖాతా, స్కానర్ నుంచి ఫైళ్లు పంపే ఖాతా, స్క్రిప్టుల్లో రాసి ఉన్న పాస్‌వర్డ్‌లు కూడా చూడండి. బ్యాకప్ ఖాతాకు డొమైన్ అడ్మిన్ హక్కులు (సంస్థ కంప్యూటర్లన్నిటి మీదా పూర్తి అధికారం) ఇచ్చేసిన చోట్లు చాలా చూశాను. అలాగే లాగిన్‌లను తనిఖీ చేసే గుర్తింపు సేవ మొరాయించిన రోజు మీరే బయట ఉండిపోకుండా రెండు అత్యవసర ఖాతాలు పెట్టుకుని, వాటి కీలు బీరువాలో భద్రపరచండి. ఆ ఖాతాలతో ఎవరు లాగిన్ అయినా వెంటనే మీకు హెచ్చరిక రావాలి.

సర్వర్‌గది

జీతాల ఫోల్డర్ చూశాను. మా దగ్గరా ‘డొమైన్ యూజర్స్’ ఉంది, చదివే హక్కుతో. ఇప్పుడే తీయించాను. ఇంకో చిక్కు: లెక్కల సాఫ్ట్‌వేర్ పాతది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది కానీ సింగిల్ సైన్ ఆన్‌తో కలవదు. మార్చడానికి యాజమాన్యం ఒప్పుకోదు.

అనుమతులపట్టిక

మార్చనక్కర్లేదు. దాని ముందు గుర్తింపును తనిఖీ చేసే ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ఒకటి పెట్టండి. లాగిన్, పరికరం తనిఖీ ప్రాక్సీ దగ్గర పూర్తయ్యాకే పాత లాగిన్ పేజీ కనబడుతుంది. ఆ వెంటనే, ఆ సర్వర్ ఫైర్‌వాల్‌లో ప్రాక్సీ చిరునామా నుంచి తప్ప మరెక్కడి నుంచీ వెబ్ కనెక్షన్ రాకుండా నిబంధన రాయండి. లేకపోతే లోపల ఉన్నవారు పాత చిరునామా కొట్టి నేరుగా వెళ్లిపోతారు, ప్రాక్సీ ఉన్నా లేనట్టే. నిబంధన పెట్టాక ఆఫీసులోని ఒక మామూలు ల్యాప్‌టాప్ నుంచి పాత చిరునామా కొట్టి చూడండి. పేజీ రాకూడదు.

వీపీఎన్‌ను అప్పుడే ఆపకండి. ప్రాక్సీ వెనక్కి ఒక్కో అప్లికేషన్ వెళ్లేకొద్దీ, వీపీఎన్ మార్గంలో దాన్ని మూసేస్తూ రండి. లాగ్‌లలో ఇంకా ఎవరు, దేనికోసం వస్తున్నారో చూస్తే తరవాత ఏది మార్చాలో మీకే తెలుస్తుంది. టెస్ట్ సర్వర్లను మాత్రం అంతవరకూ ఆగకుండా వేరే విభాగంలోకి మార్చేయండి, వాటికి జీతాల ఫోల్డర్ ఉన్న సర్వర్‌తో పనేమీ ఉండదు కదా.