లావు అక్షరాలను పక్కకు వంచితే ‘ధైర్యం’ చెదిరిపోతోంది, ఏం చేయాలి?

నాది ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న డీటీపీ దుకాణం. మా మేనల్లుడు వ్యాయామశాల తెరుస్తున్నాడు. బోర్డు మీద తెలుగులోనూ ఒడియాలోనూ ‘ధైర్యం’ అన్న మాట లావుగా, ముందుకు దూకుతున్నట్టు వాలి ఉండాలని వాడి కోరిక. గిడుగు ఫాంటు మీద నాకు మక్కువ. మా ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు కదా! కానీ అందులో ఒడియా లేదు. అందుకే తెలుగుకు ‘బాలూ తమ్ముడు’ ఫాంటు, ఒడియాకు దాని తోబుట్టువు ‘బాలూ భైనా’ తీసుకున్నాను. రెండూ ఉచితమే, కానీ వాలు రూపం లేదు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో 12 డిగ్రీలు వంచాను. ‘ధ’ తూలిపడుతున్నట్టుంది, ఐత్వం కొక్కెం ఎడమకు జారిపోయింది. సాయం చేయగలరా?

బరంపురం నుంచి ఒక పెయింటరు:
అమ్మా, ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను. 12 డిగ్రీలు మన గుండ్రటి అక్షరానికి ఎక్కువ. 18 అంగుళాల అక్షరం తల దాదాపు 4 అంగుళాలు కుడికి పోతుంది. 8 డిగ్రీలైతే రెండున్నరే. తలకట్టు ఎలాగూ కుడికి ఎగురుతుంది కనుక ఆ మాత్రం వాలు చాలు, ఊపు వచ్చేస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. కంప్యూటరు వంచిన సున్నను దగ్గరగా చూడండి. పై కుడి, కింది ఎడమ మూలల్లో గీత లావెక్కుతుంది, మిగతా రెండు మూలల్లో సన్నబడుతుంది. కుంచెతో రాస్తే ఇలా కాదు. అందుకే ముందు అక్షరాన్ని గీతలుగా మార్చి, ఆ లావును చేత్తో తగ్గించండి. ఐత్వం కొక్కెం, ‘ర’ కింది య వత్తు కాస్త కుడికి లాగి అక్షరం పొట్ట కిందికి తీసుకురండి. ‘ధ’ ఒత్తు చుట్టూ జాగా మాత్రం తప్పక వదలాలి. అది పూడిందా, దూరం నుంచి ‘దైర్యం’ అని చదువుతారు. ఆ తప్పు బోర్డెక్కితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

రాయగడ నుంచి:
ఒడియాలో ఇరుకు కింద కాదు, పైన. ఐత్వం సగం ఎడమ పక్కన, సగం నెత్తిన ఉంటుంది. చివర రేఫ, అంటే ‘ర’ గుర్తు కూడా నెత్తినే. వంచితే ఆ రేఫ కుడి అంచు దాటుతుంది కనుక పైనా కుడివైపూ చోటు పెంచండి. రెండు లిపులకూ ఒకే కోణం ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
బాబాయిగారూ, మీ మాట ప్రకారం 8 డిగ్రీలకు తగ్గించి, సున్న మూలలు సరిచేశాను. ఒక పూట పట్టింది. అసలు కొలతకే కాగితాల మీద ముక్కలుగా అచ్చు తీసి, అతికించి, గోడకు కట్టాను. మేనల్లుడు రోడ్డు అవతల నుంచి చదివాడు, ‘ధ’ ఒత్తు స్పష్టంగా కనిపిస్తోందట. ఇక ఒడియా వరుస మొదలుపెడుతున్నాను. రేఫకు చోటు చాలక బోర్డు ఎత్తు మూడు అంగుళాలు పెంచమన్నాను.