కాలేజీ ఫుట్‌బాల్: టీమ్ ఒక వారం పులి, ఒక వారం పిల్లి. లెక్క కుదరట్లేదు, సాయం చెయ్యండి

టస్కలూసా తమ్ముడు (ఆదివారం రాత్రి 9:40):
అన్నలూ, అక్కలూ, మధ్యాహ్నం రెండింటి నుంచి లాప్‌టాప్ ముందే కూర్చున్నాను. పొద్దున వండిన అన్నం ఇంకా కుక్కర్లోనే ఉంది. స్టాటిస్టిక్స్ క్లాసు ప్రాజెక్టు, రేపు పొద్దున తొమ్మిదింటికి ఇవ్వాలి. పాత మ్యాచ్‌ల స్కోర్లు పెట్టి వచ్చే మ్యాచ్‌లో మా టీమ్ ఎంత కొడుతుందో చెప్పాలి. మా వాళ్ళు ఒక వారం 34 కొట్టి అవతలివాళ్ళకి సున్నా మిగులుస్తారు. ఇంకో వారం 3 కొడతారు. మూడు! అవే ప్లేయర్లు, అదే కోచ్. ఫార్ములా పదిసార్లు మార్చాను. ఎక్సెల్ గీసే గీత అయితే మబ్బుల్లోకి పోతోంది, లేదంటే బావిలో పడుతోంది. ఎందుకిలా ఆడతారు వీళ్ళు? టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

గచ్చిబౌలి గోలీ:
34 గోల్సా! ఏ లీగ్ తమ్ముడూ అది? గోల్‌కీపర్ సెలవు పెట్టాడా?

టస్కలూసా తమ్ముడు:
గోల్స్ కాదు అన్నా, పాయింట్లు. అమెరికన్ ఫుట్‌బాల్.

గచ్చిబౌలి గోలీ:
అలా ముందే చెప్పాలి. కొబ్బరికాయ లాంటి బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటో నాకు ఈ జన్మకి అర్థం కాదు. నిలకడ గురించి అడిగావు కాబట్టి చెబుతున్నా. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ ఎస్.ఎ. రహీమ్ గారు. ఆయన చేతికిందే ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం కొట్టింది. మన ఊళ్ళో ఇప్పుడు ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఫోర్త్ డౌన్:
ఏ టీమ్? ఏ ఏడాది? షీట్‌లో ఏ కాలమ్‌లున్నాయి?

టస్కలూసా తమ్ముడు:
నా పేరు చూస్తే తెలియట్లేదా అన్నా, టస్కలూసాలో ఉండేది అలబామా యూనివర్సిటీ టీమే. ఈ సీజనే, 2024. కాలమ్‌లు రెండు: వారం నంబరు, మా పాయింట్లు. 63, 42, 42, 41, 35, 27, 17, 34, 42, 52, నిన్న 3.

ఫోర్త్ డౌన్:
ఎవరితో ఆడారో లేదా?

టస్కలూసా తమ్ముడు:
మా పాయింట్లే కదా చెప్పాల్సింది. వాళ్ళ సంగతి ఎందుకు?

ఫోర్త్ డౌన్:
🙂

హంట్స్‌విల్ బాబాయ్:
ఒరే అబ్బాయ్, ఇందులో లెక్కలేం లేవు. పాత కోచ్ నిక్ సబన్ వెళ్ళిపోయాడు, అంతే. జనవరిలో ఆయన రిటైర్ అయ్యాడు, కొత్త కోచ్ డీబోర్ వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు. సబన్ ఇక్కడ ఆరు నేషనల్ టైటిళ్ళు కొట్టాడు. ఆయనుంటే కుర్రాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడేవాళ్ళు. కోచ్ మారగానే కేలబ్ డౌన్స్ లాంటి మంచి ప్లేయర్ ఒహాయో స్టేట్‌కి వెళ్ళిపోయాడు. ఇంటి పెద్ద పోతే ఇల్లు ఎలా ఉంటుందో టీమూ అలాగే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉండి చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా.

ఫోర్త్ డౌన్:
2021 అక్టోబర్. టెక్సస్ ఏ అండ్ ఎమ్ 41, అలబామా 38. అప్పుడు కోచ్ ఎవరు బాబాయ్?

హంట్స్‌విల్ బాబాయ్:
ఒక్క మ్యాచ్ పట్టుకుని మాట్లాడితే ఎలా? ఆ ఏడాది తర్వాత జార్జియాని కొట్టి మా కాన్ఫరెన్స్ (మేం ఆడే లీగ్) గెలిచారు.

ఫోర్త్ డౌన్:
అదే నేనూ అంటున్నది.

నాష్‌విల్ అక్క:
తమ్ముడూ, ముందు ఆ అన్నం తిను. అక్టోబర్ 5న వాండర్‌బిల్ట్ మిమ్మల్ని 40-35తో ఓడించిన సాయంత్రం మేం ఇక్కడ నాష్‌విల్‌లో బ్రాడ్‌వే వీధి మీదే ఉన్నాం, వాండర్‌బిల్ట్ ఈ ఊరి యూనివర్సిటీయే. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారికి ఊరు చూపిద్దామని బయల్దేరాం. ఇంతలో కుర్రాళ్ళు గుంపుగా ఒక పసుపుపచ్చ ఇనప కమ్మీని భుజాల మీద మోసుకుంటూ అరుచుకుంటూ వస్తున్నారు. "ఏ దేవుడి ఊరేగింపమ్మా?" అని అడిగారావిడ. గోల్‌పోస్టు అత్తయ్యా, నదిలో నిమజ్జనం చేస్తారు అన్నాను. నిజంగానే తీసుకెళ్ళి కంబర్‌లాండ్ నదిలో వేశారు. మరి 1984 తర్వాత అలబామాని ఓడించడం అదే.

ఇక నీ లెక్క. ఆ రోజు ఆట 60 నిమిషాలైతే అందులో 42 నిమిషాలకు పైగా బంతి వాండర్‌బిల్ట్ దగ్గరే ఉంది. థర్డ్ డౌన్, అంటే పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, 18 వస్తే 12 సాధించారు. మీ వాళ్ళకి బంతి చేతికొస్తే కదా కొట్టేది! అయినా 35 కొట్టారు. కాబట్టి "బాగా ఆడలేదు" అనడానికి నీ షీట్‌లో ఆధారమే లేదు. ఎన్నిసార్లు బంతి దొరికింది, దొరికిన ప్రతిసారీ సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయి, అది చూడాలి. బలహీనమైన టీమ్ ఆటని నెమ్మదిగా నడిపేది కూడా అందుకే. ఇద్దరికీ అవకాశాలు తగ్గితే ఒకటి రెండు దెబ్బలతో ఫలితం తారుమారవుతుంది.

తెనాలి లెక్కల మాస్టారు:
అమ్మాయి బాగా చెప్పింది. అయితే ముందు మాట సరి చేసుకుందాం. "నిలకడ లేదు" అనేది జట్టు స్వభావం గురించి చెప్పే మాట. నువ్వు చూస్తున్నది ఫలితాల చెదురు. ఈ రెండూ ఒకటి కావు. ఐపీఎల్‌లో ఒక్కో జట్టు లీగ్ దశలో 14 మ్యాచ్‌లు ఆడుతుంది, అమెరికా బేస్‌బాల్‌లో 162. మీకు రెగ్యులర్ సీజన్‌లో 12. నీ దగ్గర ఉన్నవి 11. పదకొండు చుక్కల మీద గీత గీసి మబ్బుల్లోకి పోయిందంటే తప్పు చుక్కలది కాదు.

మీ జార్జియా మ్యాచే తీసుకో. 28-0తో ముందున్నారు. చివరికి 34-33తో వెనకబడ్డారు. ఆ వెంటనే రయాన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు, మన దగ్గరైతే ఇంటర్ చదివే వయసు, పాస్ పట్టుకుని పరుగెత్తి ఒకే ఎత్తులో 75 గజాల టచ్‌డౌన్ కొట్టి ఆట నిలబెట్టాడు. ఒకే రాత్రిలో ఇంత చెదురుంటే వారం వారం గురించి అడుగుతావేం?

గచ్చిబౌలి గోలీ:
చెదురు ఏంటి మాస్టారూ, చెదపురుగులా ఉంది. విచలనం అనాలి.

తెనాలి లెక్కల మాస్టారు:
పాఠ్యపుస్తకంలో విస్తృతి అనీ ఉంది, విచలనం అనీ ఉంది, రెండింటికీ తేడా ఉంది. అడిగినవాడికి అర్థం కావాలని చెదురు అన్నాను.

గచ్చిబౌలి గోలీ:
అర్థం కావాలంటే ఫామ్ అంటే సరిపోతుంది. క్రికెట్ చూసేవాడికి ఎవరికైనా తెలుసు.

తెనాలి లెక్కల మాస్టారు:
ఫామ్ అంటే మళ్ళీ స్వభావం దగ్గరికే వచ్చాం.

టస్కలూసా తమ్ముడు:
అన్నా, మాస్టారూ, మాటల సంగతి తర్వాత చూసుకుందాం, టైమ్ పదకొండున్నర. ఫోర్త్ డౌన్ అన్న అడిగినట్టు ప్రత్యర్థి పేర్లు పెట్టాను. ఇప్పుడు ఇంకా పిచ్చిగా ఉంది. మేం జార్జియాని 41-34 కొట్టాం. జార్జియా వాండర్‌బిల్ట్‌ని 36-32 కొట్టింది. మరి మేం వాండర్‌బిల్ట్ చేతిలో ఓడటమేంటి? ఇందుకే వీళ్ళకి నిలకడ లేదనేది.

ఫోర్త్ డౌన్:
అది జార్జియా స్టేట్. అట్లాంటాలో ఉంటుంది. జార్జియా వేరు. వాండర్‌బిల్ట్ ఈ ఏడాది జార్జియాతో ఆడనే లేదు.

టస్కలూసా తమ్ముడు:
అయ్యో.

ఫోర్త్ డౌన్:
మొదటి మ్యాచ్ 63 కూడా కెంటకీ మీద కాదు, వెస్టర్న్ కెంటకీ మీద. ఏం రాశావో చూసుకో.

టస్కలూసా తమ్ముడు:
కెంటకీ అనే రాశాను 😐

నాష్‌విల్ అక్క:
ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలైపోరు తమ్ముడూ. మయామీలు కూడా రెండున్నాయి, ఒకటి ఒహాయోలో. పేర్లన్నీ ఒకసారి సరిచూసుకో. తర్వాత ఇంకో కాలమ్ పెట్టు: ఎక్కడ ఆడారు అని. సొంతూళ్ళో ఆరు ఆడారు, ఆరూ గెలిచారు. బయట అయిదు ఆడి మూడు ఓడారు: నాష్‌విల్ (వాండర్‌బిల్ట్), నాక్స్‌విల్ (టెనెసీ), నిన్న నార్మన్ (ఓక్లహోమా). ఈ ఏడాది ఓడినవన్నీ బయటే. లక్షమంది అరుస్తుంటే ఆట మొదలుపెట్టే స్నాప్ పిలుపు పక్కవాడికి వినపడదు.

తెనాలి లెక్కల మాస్టారు:
విస్కాన్సిన్‌లో 42-10, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)లో 42-13, రెండూ బయటే గెలిచారు. అక్కడా జనం అరిచే ఉంటారు కదమ్మా.

నాష్‌విల్ అక్క:
ఎల్‌ఎస్‌యూకి ముందు వారం బై వీక్ మాస్టారూ. జార్జియాకి ముందూ అంతే. రెండు వారాలు తయారై వెళ్ళినప్పుడు పెద్ద టీములనే కొట్టారు. కాలేజీ వాళ్ళకి వారానికి 20 గంటల ప్రాక్టీస్ పరిమితి, పైన క్లాసులు, పరీక్షలు. ఒక వారం ఎక్కువ దొరికితే తేడా ఉండదా?

తెనాలి లెక్కల మాస్టారు:
రెండే రెండు ఉదాహరణలు. కాలమ్ పెట్టుకోనివ్వండి, కానీ దాని మీద ఇల్లు కట్టవద్దు. అది బై వీక్ కాదు, విరామ వారం.

గచ్చిబౌలి గోలీ:
సెలవు వారం.

హంట్స్‌విల్ బాబాయ్:
సబన్ హయాంలో బై వీక్ ఉన్నా లేకపోయినా గెలిచేవాళ్ళు.

ఫోర్త్ డౌన్:
మెర్సర్ మ్యాచ్ తీసెయ్, అది కింది డివిజన్. మిజోరి 34-0లో వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) చెయ్యి దెబ్బతిని మధ్యలోనే వెళ్ళిపోయాడు, గుర్తు పెట్టుకో. నిన్న మీ క్వార్టర్‌బ్యాక్ మిల్రో మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే అతని పాస్‌లు అవతలివాళ్ళు పట్టేశారు, ఒకటి నేరుగా వాళ్ళకి టచ్‌డౌన్. వాండర్‌బిల్ట్ దగ్గరా మొదట్లోనే అలాంటిది ఒకటి. ఇలా బంతి అవతలివాళ్ళ చేతికి పోయే టర్నోవర్లు ముందుగా చెప్పలేవు. అందుకే ఒక నంబరు కాదు, ఇంత నుంచి ఇంత అని రాయి.

తెనాలి లెక్కల మాస్టారు:
ఇందాకటి నుంచి నేను చెబుతున్నదీ అదే. గుండ్రటి బంతి అయితే ఎటు పోతుందో కొంతైనా చెప్పచ్చు. కోలగా ఉండే బంతి నేల మీద పడితే ఎవరి చేతికి ఎగురుతుందో బొమ్మా బొరుసే.

గచ్చిబౌలి గోలీ:
చూశారా, చివరికి మాస్టారే గుండ్రటి బంతే మేలన్నారు.

టస్కలూసా తమ్ముడు (రాత్రి 2:15):
ప్రత్యర్థి సగటున ఎన్ని పాయింట్లు ఇస్తోందో ఒక కాలమ్, సొంతూరా బయటా ఒకటి, బై వీక్ ఒకటి. గీత ఇప్పుడు కాస్త మనిషిలా ఉంది. ఓక్లహోమా మీద మాత్రం ఇంకా 24 అంటోంది. కొట్టింది 3.

ఫోర్త్ డౌన్:
24 కరెక్టే. వాళ్ళు కొట్టారు.

నాష్‌విల్ అక్క:
తిన్నావా?

టస్కలూసా తమ్ముడు (మంగళవారం):
ఇచ్చేశాను. "ప్రత్యర్థిని పెట్టడం మంచి ఆలోచన" అని సార్ రాశారు, నాకు వచ్చిన ఆలోచనే అన్నట్టు తలూపాను. థాంక్స్ అందరికీ.

హంట్స్‌విల్ బాబాయ్:
శనివారం ఆబర్న్‌తో ఎంతంటోంది నీ షీట్?

టస్కలూసా తమ్ముడు (ఆదివారం):
20 నుంచి 42 అంది బాబాయ్. 28-14తో గెలిచాం.

హంట్స్‌విల్ బాబాయ్:
20 నుంచి 42 అంటే నేనూ చెబుతాను.

కొత్త సభ్యుడు 114:
గోల్‌పోస్టు మళ్ళీ కొత్తది పెట్టారా? ఎవరు పెట్టుకున్నారు ఖర్చు?