బాలింతకు నీళ్లు తగ్గించాలా? మొదటి కాన్పు తల్లికి ఎవరి మాట చెల్లాలి?

కొత్తపెద్దమ్మ:
మా చెల్లికి మొదటి కాన్పు, సిజేరియన్ అయింది. డిశ్చార్జి చేస్తూ నర్సు గారు దప్పికైనప్పుడల్లా నీళ్లు తాగమని, పప్పు, ఆకుకూర, గుడ్డు అన్నీ తినమని చెప్పి పంపారు. ఇంటికొచ్చాక అమ్మమ్మ పథ్యం మొదలుపెట్టింది. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, అంతే. పప్పు, పెరుగు వద్దు. నీళ్లు పూటకు అరగ్లాసు, అదీ కాచినవి. ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందట, కుట్లు చీము పడతాయట. చెల్లి పెదాలు పగిలిపోయాయి. మీ ఇళ్లలో ఏం చేశారు?

విజయనగరం_అత్తమ్మ:
అమ్మమ్మ గారు చెప్పినట్టు చెయ్యండి. పథ్యం అంటే తిండి ఒక్కటే కాదమ్మా. బాలింతను మంచం దిగనివ్వకుండా, ఒంటికి నూనె పట్టించి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి వేసి చూసుకోవడం. శొంఠి, పిప్పళ్లు, వాము వేసి కాయం చేసి తినిపించడం. ఈ చాకిరీ ఏ ఆసుపత్రి చేస్తుంది? మా కోడలు నేను చెప్పింది ఒక్కటీ వినలేదు, అన్నీ ఫోనులో వీడియోలు చూసి చేసింది. ఇప్పుడు నడుంనొప్పి అంటోంది.

ఖమ్మం_సిస్టర్:
నేను లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుని. నూనె, వేడినీళ్లు, విశ్రాంతి, వీటితో నాకు పేచీ లేదు. నీళ్లు తగ్గించడంతోనే పేచీ. బిడ్డ రోజుకు ముప్పావు లీటరు దాకా పాలు తాగుతుంది. ఆ నీరంతా తల్లి ఒంట్లోదే. లీటర్లు లీటర్లు తాగితే పాలు పొంగుతాయని నేను అనను, దప్పిక తీరేదాకా తాగాలి. నీళ్లు చాలకపోతే మలబద్ధకం, ముక్కితే కుట్లు లాగేస్తాయి, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్. పైగా కాన్పు తర్వాత కొన్ని వారాలు కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. నీళ్లు లేక, మంచం దిగక పోతే అది ఇంకా పెరుగుతుంది. సిజేరియన్ అయినా మర్నాటికల్లా నెమ్మదిగా నడిపించేది అందుకే.

గోదారిగట్టు:
మా ఇంట్లో జీలకర్ర నీళ్లు అడిగినన్ని ఇచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు.

విజయనగరం_అత్తమ్మ:
నీళ్లు ఇవ్వొద్దని నేనెక్కడ అన్నాను? కాచినవి ఇమ్మంటున్నాను. ఫ్రిజ్ నీళ్లు తాగిస్తారా బాలింతకి?

ఖమ్మం_సిస్టర్:
కాచినవే ఇవ్వండి అత్తమ్మ గారూ. ఎన్ని ఇస్తున్నారన్నదే నా ప్రశ్న. అరగ్లాసు చాలదు.

డాలస్_నాన్న:
నీళ్ల సంగతి అలా ఉంచి మనసు సంగతి ఎవరూ ఎత్తరేం? ఇక్కడ మా ఆవిడకు చెకప్‌లో ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల కాగితం ఇచ్చారు. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే అది మామూలు దిగులు కాదు, చెప్పమన్నారు. మా అత్తగారు "బాలింత ఏడవకూడదు" అని కసిరేవారు.

పాపఅమ్మ_జగిత్యాల:
నేను స్నానానికి పోయి మగ్గుతో నల్లా నీళ్లు తాగిన. తలుపు గడియ పెట్టుకుని, చప్పుడు రాకుండా. మా అమ్మే వద్దన్నది, ప్రేమతోనే అన్నది. నర్సమ్మ చెప్పిందని అంటే "ఆమె కన్నదా నిన్ను?" అన్నది. నాకు ఆసుపత్రిలో అన్నీ చెప్పిన్రు. చెప్పి ఏం లాభం? గ్లాసు నా చేతిల లేదు.

ఖమ్మం_సిస్టర్:
ఇది చదివితే కడుపు రగిలిపోతోంది. తల్లులే కూతుళ్ల నోరు కట్టేస్తే మేం ఎన్ని చెప్పి ఏం లాభం? కాన్పు తర్వాత 180 రోజులు వాడమని ఐరన్ మాత్రలు ఇస్తాం. "వేడి చేస్తుంది" అని పెద్దవాళ్లు మాన్పించేస్తారు. ముర్రుపాలు పిండి పారబోయించి తేనె నాకించేదీ వాళ్లే.

విజయనగరం_అత్తమ్మ:
కాస్త మాట జాగ్రత్తమ్మా. నా కోడలి కాన్పప్పుడు నన్ను వార్డు గేటు బయట నిలబెట్టారు. పోయేముందు మంచం మీద ఉన్న పిల్లకు, మగతలో ఉన్న పిల్లకు, గబగబా ఏదో చెప్పి కాగితం చేతిలో పెట్టారు. వండేది నేను, రాత్రి లేచేది నేను. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. తేనె ఎందుకు వద్దో నాకెవరు చెప్పారు?

ఖమ్మం_సిస్టర్:
ఏడాది లోపు బిడ్డకు తేనెతో బొట్యులిజం అనే జబ్బు రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. అందుకు వద్దు. కానీ అత్తమ్మ గారూ, ఒళ్లు ఆ అమ్మాయిది. ముందు ఆమెకే చెప్తాం. మీ అనుమతి తీసుకుని నీళ్లు తాగమని చెప్పలేను.

విజయనగరం_అత్తమ్మ:
అనుమతి అడగమనలేదు. పక్కన కూర్చోబెట్టమన్నాను.

పాపఅమ్మ_జగిత్యాల:
అత్తమ్మ చెప్పింది నిజమే సిస్టర్. మా అమ్మను కూడా కూర్చోబెట్టి చెప్తే నాకు అంత తిప్పలు రాకపోయేది.

ఖమ్మం_సిస్టర్:
మా వార్డులో ఒక సిస్టర్‌కి ఎంతమంది బాలింతలో మీరు చూస్తే తెలుస్తుంది. అయినా దారి ఉంది. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికే రావాలి. కొత్తపెద్దమ్మ గారూ, ఆవిడ వచ్చినప్పుడు మీ అమ్మమ్మను అక్కడే ఉంచండి. గంటలోపే ప్యాడ్ తడిసిపోయినా, జ్వరం వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆవిడ చేతే చెప్పించండి.

కొత్తపెద్దమ్మ:
ఆశా ఈ వారం వస్తుంది, అమ్మమ్మ ఎదురుగానే మాట్లాడిస్తాను. పెరుగు పెట్టొచ్చా మరి?

విజయనగరం_అత్తమ్మ:
నీళ్లు అడిగినన్ని ఇవ్వండి, పప్పు పలచగా పెట్టండి. పెరుగు మాత్రం రాత్రిపూట వద్దు, నేను ఒప్పుకోను.

ఖమ్మం_సిస్టర్:
పగలు పెట్టండి, చాలు. ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర ఒకేసారి వేయకండి. ఐరన్ టీతో అసలే వద్దు.