'ఎట్టనెదుట'లో ఆ 'న' ఎక్కడిది?

పాత టేపు (తిరుపతి):
నిన్నటి నుంచి ఒక్క అక్షరం పీక్కుతింటోంది, ఎవరైనా తీర్చండి. అన్నమయ్య కీర్తన 'నానాటి బదుకు' మొదటి చరణం, మూడో పాదం. 'ఎట్టయెదుట గలది ప్రపంచము' అనా, 'ఎట్టనెదుట గలది' అనా?

దీని వెనక కథ ఉంది, కాస్త ఓపిక పట్టండి. నేను ఇంటర్ చదివేటప్పుడు గాంధీరోడ్డు పక్క సందులో ఒక రికార్డింగ్ షాపు ఉండేది. ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాళ్లు. మా అన్న 90 నిమిషాల టేపు ఇచ్చి, ఒక పక్క ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన అన్నమయ్య కీర్తనలు, రెండో పక్క 'ఏవైనా మంచి ఇంగ్లీషు పాటలు' అని రాసిచ్చాడు. షాపాయన రెండో పక్కంతా ఒకే ఆల్బమ్ ఎక్కించాడు. పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 1973 నాటిది. దాని నిడివి దాదాపు 43 నిమిషాలు, టేపు పక్క 45. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేదు. 'ఏ పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో తెలిస్తే కదా' అని మా అన్న టేపు నా మీదికి విసిరేశాడు.

మొదట గుండె చప్పుడు. కాసేపటికి గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి, మా అమ్మ వంటింట్లోంచి 'అలారం ఆపరా' అని కేక వేసింది. తర్వాత ఒకావిడ ఒక్క మాట కూడా లేకుండా గొంతెత్తి పాడుతుంది. ఆఖర్న మళ్లీ గుండె చప్పుడే, సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోతుంది. మాది ఆటో రివర్స్ ప్లేయర్. టక్కుమని చప్పుడు, వెంటనే ఎమ్మెస్ గొంతు: 'నానాటి బదుకు నాటకము'. నా మొట్టమొదటి రాక్ ఆల్బమ్ అది. దాని ఆఖరి పాట ఎమ్మెస్ పాడిందేనని నా చెవికి ఇప్పటికీ నమ్మకం.

టేపు సరిగ్గా ఆ మూడో పాదం దగ్గర నలిగింది. 'ఎట్ట' తర్వాత ఏదో గుటుక్కున మింగి 'ఎదుట' అని వచ్చేది. ముప్పై ఏళ్లు 'ఎట్టయెదుట' అనే పాడుకున్నాను. నిన్న మా అమ్మాయి ఫోన్లో వినిపిస్తే శుభ్రంగా 'ఎట్టనెదుట' అని వినబడింది. పుస్తకంలో కూడా నకారమే ఉంది. కాబట్టి ఎమ్మెస్ ఏం పాడారని కాదు నా సందేహం. ఆ 'న' ఎక్కడి నుంచి ఊడిపడింది?

వెనక బెంచీ:
మీ చెవే రైటు సార్. ద్విరుక్తటకార సంధి. కడ, ఎదురు, నడుమ, మొదలు, చివర, తుద, పగలు, బయలు, ఇవన్నీ రెండుసార్లు వస్తే కట్టకడ, ఎట్టయెదురు, నట్టనడుమ, పట్టపగలు అవుతాయి. 'న'కు అక్కడ చోటే లేదు. మీరు రాసిన 'మొట్టమొదటి' కూడా ఇదే బాపతు.

కానీ నన్నడిగితే 'న' సంగతి చిన్నది. ఆ చరణం నిలువునా చదవండి. 'పుట్టుటయు', 'నట్టనడిమి', 'ఎట్టనెదుట', 'కట్టగడపటి'. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'ట్ట'. 'పుట్టుట' అని ఎత్తుకున్నాక ఆ ప్రాసకు ఎవరైనా చెట్టూ గట్టూ వెతుక్కుంటారు. ఈయన వ్యాకరణంలో ఒకే సంధి పట్టుకుని నడిమిది, ఎదుటిది, చివరిది వరసగా పేర్చేశాడు. నేను బీఏలో ఈ సంధికి రెండు మార్కులు పోగొట్టుకున్నవాణ్ణి. ఈ కీర్తనతో చెప్పి ఉంటే పోయేవి కావు.

1967:
ప్రాస బాగుంది గానీ మొదటి పోస్టులోనే తప్పు ఉంది, ఎవరూ పట్టుకోలేదు. పింక్ ఫ్లాయిడ్ మొట్టమొదటి ఆల్బమ్ 'ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్'. 1967. పాటలు చాలావరకు బ్యాండులోని సిడ్ బారెట్ రాసినవి. మీరు చెప్పింది స్టూడియో ఆల్బమ్‌లలో ఎనిమిదోది. ఎనిమిదోదాన్ని మొట్టమొదటిది అనడమేంటి, అదీ భాషా గ్రూపులో?

పాత టేపు:
'నా' మొట్టమొదటి అన్నాను స్వామీ. వాళ్లది కాదు.

1967:
అలాంటప్పుడు 'నేను మొదట విన్న ఆల్బమ్' అనాలి. 'మొట్టమొదటి' అంటే దానికి ముందు ఇంకోటి ఉండకూడదు.

తొలకరి:
తొలి ఏకాదశి ఏ నెలలో వస్తుందో చెప్పండి 1967 గారూ. ఆషాఢం. ఉగాది నుంచి లెక్కేసుకుంటే, అధికమాసం లేని ఏడు, అది ఏడో ఏకాదశి. ఏడోదాన్ని మనమంతా 'తొలి' అంటున్నాం, పేలపిండి తింటున్నాం, ఎవరికీ అభ్యంతరం లేదు. స్వామి శయనించేది ఆ రోజు కాబట్టి లెక్క అక్కడి నుంచి. ఈయన మేలుకున్నది ఎనిమిదో ఆల్బమ్‌తో కాబట్టి లెక్క అక్కడి నుంచి.

1967:
అక్కా, మీరు 'తొలి'ని తెచ్చి 'మొట్టమొదటి'ని గెలిపిస్తున్నారు. రెండూ ఒకటి కావు. తొలిలో పాతదనం ఉంది. 'తొల్లి' అంటే పూర్వం కదా. తమిళంలో 'తొల్' అన్నా అదే. మొదలులో ఆ వాసన లేదు, అది చెట్టు మొదలు. ఎనిమిదో కొమ్మను పట్టుకుని మొదలు అనరు.

తొలకరి:
కోతి ఏ కొమ్మ మీద దిగితే దానికదే మొదలు.

అరసున్న:
మీ కొమ్మలు అలా ఉంచండి. అసలు ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది, ఒప్పుకుంటారో లేదో తెలీదు. పుస్తకంలో నాలుగో పాదం చూడండి: 'కట్ట గడపటిది'. 'కడపటిది' కాదు, 'గడపటిది'. క ఎందుకు గ అయింది? ముందు ద్రుతం, అంటే మాట చివర 'న్', ఉంటేనే అవుతుంది. అంటే ఆయన నోట్లో అది 'కట్టన్'. ఇప్పుడు మూడో పాదానికి రండి. 'ఎట్టన్' తర్వాత 'ఎదుట'. అచ్చు పరమైంది కాబట్టి ఆ నకారం దాక్కోలేక బయటపడింది, 'ఎట్టనెదుట'. ఒకే 'న్', ఒకచోట గ వెనక దాక్కుంది, ఒకచోట ఎట్టనెదుటే నిలబడింది.

వెనక బెంచీ:
చూడ్డానికి బాగుంది. కానీ ఆ ద్రుతం 'కట్ట'కు ఎవరిచ్చారు? సూత్రం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే మనమంతా 'కట్టగడ' అనేవాళ్లం, నిఘంటువుల్లో 'కట్టకడ' అని ఉంది. 'నట్టనడిమి'లో మీ ద్రుతం ఏ చెట్టెక్కింది?

అరసున్న:
అక్కడ పక్కనే నకారం ఉంది, ఉన్నా వినబడదు. సూత్రం ఇవ్వలేదంటారా, అది రాసిన చిన్నయసూరి పుట్టేనాటికి అన్నమయ్య పోయి 300 ఏళ్లు దాటింది. ఆయన్ని అడిగి పాడలేడు కదా.

వెనక బెంచీ:
ఈ మాట మా లెక్చరర్ ముందు అని ఉంటే ఇంకో రెండు మార్కులు పోయేవి.

పలమనేరు బస్సు:
మీరంతా పెద్ద చదువులు చదివినారు. చిన్నప్పుడు నాకు అర్థమైంది చెప్తా, నవ్వొద్దండి. మా పక్క 'ఎట్ట' అంటే ఎలా అని. 'ఎట్టుండావు', 'ఎట్టబ్బా ఇది'. కొండకు పోయే బస్సులో ఈ పాట వేస్తే నాకు 'ఎట్టనో ఎదుట ఉండాది ప్రపంచం' అని వినబడేది. ఎట్టనో తెలీదు, ఎదుట మాత్రం ఉండాది. ఇరవై ఏళ్లు అదే అర్థం అనుకున్నా. నిజం అర్థం 'సరిగ్గా ఎదుట' అని తెలిసినాక రొంత దిగులు పడినా.

ఇంకోటి. 'బదుకు'ను తప్పచ్చు అనుకునేవాళ్లు ఇక్కడ ఉండారేమో. మా ఊరి నుంచి ముళబాగిలు దిక్కు కాస్త దూరం పోతే కన్నడంలో బతుకును 'బదుకు' అనే అంటారు. మన కావ్యాల్లో 'బ్రదుకు' ఉండనే ఉండాది. దకారమే పాతది, తకారం మనం తర్వాత గట్టి చేసుకున్నది.

మిశ్రచాపు:
పలమనేరు అన్న అర్థమే నాకు నచ్చింది, మూలం మార్చాలి!

మొదటి పోస్టు చూసి ఆగలేకపోతున్నాను. ఆ ఆల్బమ్‌లో 'మనీ' అనే పాట ఉంది, చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు ముక్కలు అతికించి లయగా తిప్పారు. పాడే భాగం, శాక్సఫోన్ భాగం ఏడు లెక్కలు. గిటార్ రాగానే నాలుగుకు మారుతుంది. కాలేజీలో మా రూమ్మేట్లు తల ఊపలేక తికమకపడేవాళ్లు. నాకు మృదంగం పాఠం వల్ల మొదటిసారే చెయ్యి పడింది, తకిట తకదిమి. అట్లా ఆ బ్యాండు నాకు పట్టుబడింది.

ఇప్పుడు భాషకు వస్తాను, కోప్పడకండి. రెండో చరణంలో 'నడుమంత్రపు పని నాటకము'. నడుమ అంతరం, నడుమంత్రం. సామెతలో 'నడమంత్రపు సిరి' అదే. తిండి, గుడ్డ, మధ్యలో వచ్చిపడే పని. డబ్బు మీద పాట ఆ ఆల్బమ్‌లో కూడా నట్టనడుమే ఉంటుంది, రెండో పక్క మొదట్లో.

1967:
ఎల్పీలో రెండో పక్క మొదట్లో. ఆయన టేపులో పక్కలు లేవు, అంతా ఒకటే పక్క. అదే తేడా.

తొలకరి:
మాటలు లేకుండా పాడినావిడ గురించి ఎవరూ మాట్లాడరేం? క్లేర్ టోరీ. స్టూడియోకు పిలిచి, మాటలు వద్దు, చావు గురించి ఆలోచిస్తూ పాడమన్నారు. చేతిలో పెట్టింది 30 పౌండ్లు. ఆ పాట స్వరకల్పనలో తనకూ భాగం ఉందని 2004లో కోర్టుకు వెళ్లింది, 2005లో రాజీ కుదిరి బ్యాండులోని రిక్ రైట్ పక్కన ఆమె పేరు చేరింది. 32 ఏళ్లు పట్టింది. ఒక్క పదం లేని పాటకు కర్త ఎవరని కోర్టు దాకా వెళ్లారు, మనం ఒక్క 'న'కు కర్త ఎవరని ఇక్కడ కొట్టుకుంటున్నాం.

దాన్ని తెలుగులో ఏమనాలి? ఆలాపన అంటే నాకు ఒప్పదు. ఆలాపనలో రాగం కొండలా ముందే ఉంటుంది, గాయని మెట్లెక్కుతుంది. ఇక్కడ మెట్లు లేవు.

మిశ్రచాపు:
శోకాలు పెట్టడం అనొచ్చు కదా. మా నాయనమ్మ పోయినప్పుడు మా పెద్దత్త అచ్చం అట్లాగే పెట్టింది, మొదట గట్టిగా, తర్వాత ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నట్టు.

తొలకరి:
అది. అదే మాట. ఆలాపన కొట్టేశాను.

వెనక బెంచీ:
మనం 'న' దగ్గర ఉన్నాం, గుర్తు చేస్తున్నాను. నాదొక అనుమానం. ఈ వరస నేదునూరి కృష్ణమూర్తి గారు రేవతి రాగంలో కట్టింది. రెండు అచ్చుల మధ్య 'య' అంటే గొంతు జారుతుంది, 'న' అంటే నాలుకకు పట్టు దొరుకుతుంది. పాటకులు తెచ్చిన 'న' అయ్యుండొచ్చు.

అరసున్న:
పుస్తకంలో ఉంది అని మొదటి పోస్టులోనే చెప్పారు గురువుగారూ. కీర్తనలు చెక్కిన రాగిరేకులు ఈ వరస కంటే 400 ఏళ్లు ముందువి. రాళ్లపల్లి వారు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఆ రేకులు కళ్లకద్దుకుని చదివి అచ్చు వేయించింది మనం పాటకుల మీదికి నెట్టడానికా? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు స్వయంగా సంగీతం తెలిసినవారు. ఆయన చెవి దాటి ఒక నకారం ఊరికే రాదు.

వెనక బెంచీ:
వేటూరి వారి పేరెత్తితే నేను చెప్పులు విప్పి మాట్లాడాలి. ఒప్పుకోలేదు గానీ ఆగుతున్నాను. పాత రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎక్కడ విరవాలన్నది చదివేవాడి పని.

1967:
ఖాళీ లేకపోవడం, ఎక్కడ విరవాలో తెలియకపోవడం. వాళ్లన్నకు ఆల్బమ్ నచ్చకపోవడానికి కారణం కూడా అదే కదా!

పాత టేపు:
అందరికీ నమస్కారం. పొద్దున అటక ఎక్కాను. టేపు దొరికింది. షాపాయన చేతిరాత అట్లాగే ఉంది, ఒక పక్క 'అన్నమయ్య, ఎమ్మెస్', రెండో పక్క 'చంద్రుడు, గోల'. నలిగిన చోటు పెన్సిలు పెట్టి తిప్పుతుంటే కనబడింది, గోరంత మేర కుచ్చిళ్లు పడినట్టుంది. మళ్లీ ఒకసారి ఆ గుటక వినాలనుంది. తిరుపతిలో ఎవరి దగ్గరైనా ప్లేయర్ ఉందా?

పలమనేరు బస్సు:
మా ఇంట్లో ఒకటి ఉండాదన్నా. బెల్టు తెగింది. రబ్బరు బ్యాండు వేస్తే తిరుగుతాది గానీ, ఎమ్మెస్ గొంతు మగగొంతు మాదిరి వస్తాది. పర్వాలేదంటే ఆదివారం తెస్తా.