హైవే పక్కన 5 సెంట్లు: బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలి, ముందర ఎంత వదలాలి? (కర్నూలు)

నల్లరేగడి

అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డులో, ఊరు దాటినాక, హైవేకి ఆనుకుని మాకు 5 సెంట్ల స్థలం ఉంది. రోడ్డు వైపు 33 అడుగులు, లోపలికి 66 అడుగులు. మా నాయన కొన్నప్పుడు దాన్ని ఎన్‌హెచ్ 18 అనేవాళ్ళు, రెండు వరుసల రోడ్డు, మా స్థలం రోడ్డుకు దాదాపు సమానంగా ఉండేది, సైకిల్ తొక్కుకుంటూ నేరుగా లోపలికి పోయేవాణ్ణి. తర్వాత నాలుగు వరుసలైంది, నంబరు మారి 40 అయింది, రోడ్డు పైకి లేచింది, మేం కిందికి పోయాం. ఇప్పుడు మా వైపు సర్వీసు రోడ్డు, పక్కన సిమెంటు కాలువ కడుతున్నారు. అది కూడా ఎత్తుగానే వస్తోంది.

ఈ కార్తీకంలో ఇల్లు మొదలుపెడదామని ఉంది. ముందర రెండు అంగళ్ళు, వెనక మేం ఉండే ఇల్లు, చేతిలో డబ్బులుంటే పైన ఇంకో మిద్దె. బేల్దారి రెండడుగుల బేస్‌మెంట్ చాలంటాడు. మా మామ నాలుగడుగులు లేపమంటాడు, 2009 వరద మర్చిపోయినావా అని ఒకటే పోరు. అడుగు పెంచితే ఎంత ఖర్చో తెలియదు గానీ ఇద్దరి మధ్యలో నాకు టెన్షన్ ఎక్కువైంది. రెండో సంగతి, ముందర ఎంత వదలాలి? పక్కాయన హద్దు రాయి దాకా కట్టేసినాడు, ఎవరూ ఏమీ అనలేదు. ప్లాన్ ఇంకా పెట్టలేదు. ఇట్లాంటి చోట కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ట్యూబ్‌లెవెల్

అన్నా, నేను సైట్ సూపర్‌వైజర్‌ని, ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మీ బేల్దారి రెండు, మీ మామ నాలుగు అంటున్నారు కదా, ఎక్కడినుంచి రెండు? నేల నుంచా, రోడ్డు నుంచా? ఇది అడక్కుండా ఇళ్ళు కట్టి, ఐదేళ్ళకు వాకిట్లో ఇసుక మూటలు పేర్చుకున్నవాళ్ళను చాలామందిని చూసినా.

నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో చుట్టూ ఉన్న నేల మట్టం నుంచి కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తు ఉండాలని ఉంది. మామూలు వీధికి అది సరిపోతుందేమో, మీకు సరిపోదు. మీ లెక్క రోడ్డు నుంచి మొదలు కావాలి. అదీ రోడ్డు అంచు నుంచి కాదు, నడుమ ఎత్తుగా ఉంటుంది చూడండి, అక్కడి నుంచి. దానికి తోడు రోడ్డు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండదు. తారు పొర వేసినప్పుడల్లా నాలుగైదు సెంటీమీటర్లు లేస్తుంది, పాత పొరను గీకి తీసేసి వేస్తే లేవదు గానీ మన దగ్గర సర్వీసు రోడ్లకు గీకేది ఎప్పుడో ఒకసారి. ఊళ్ళో సిమెంటు రోడ్డయితే పాతదాని మీదే ఇంకో ఆరు అంగుళాలు పోసి వెళ్ళిపోతారు.

కాబట్టి ఒక పని చేయండి. బేల్దారి దగ్గర నీళ్ళ ట్యూబు ఉంటుంది, అది పట్టుకుని, కొత్తగా కడుతున్న కాలువ గోడ పై అంచుకూ మీ స్థలానికీ తేడా ఎంతో కొలవండి. కాలువ మూత మీద బండి ఎక్కేలా స్లాబు వేస్తారు, సర్వీసు రోడ్డు చివరి ఎత్తు దాదాపు దానికి సరిగ్గా వస్తుంది. దాని మీద ఇల్లు రెండడుగులు ఉంటే చాలు, నా మాట అదీ. అది మీ నేల నుంచి నాలుగవుతుందా ఐదవుతుందా అన్నది కొలిస్తేనే తెలుస్తుంది.

ఖర్చు అడిగినారు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి ఒక్క అడుగు లేపాలంటే వెయ్యి ఘనపుటడుగుల గరుసు (గ్రావెల్ మట్టి), ట్రాక్టరు ట్రాలీ ఒక యూనిట్ అంటే వంద అనుకుంటే పది ట్రాలీలు. నీళ్ళు పెట్టి దిమ్మిస కొడితే అణుగుతుంది, కాబట్టి పన్నెండు అనుకోండి. గోడ, దాని మీద కాంక్రీటు బెల్టు, కూలీ వేరు. మీ దగ్గర ట్రాలీ రేటుతో పెంచి చూసుకోండి.

ఇంకొకటి మరిచినా. ఇంటి లోపల ఎత్తు వేరు, బండి నిలిపే చోటు ఎత్తు వేరు. మొత్తం స్థలాన్ని లేపాల్సిన పని లేదు. మూడడుగుల ఎత్తుకు కారు ఎక్కాలంటే వాలుకు పద్దెనిమిది అడుగులు కావాలి, అంతకంటే నిటారుగా పెడితే కింద చాసిస్ గీసుకుపోతుంది. ముందర స్థలం లేకపోతే ఆ వాలును కాలువ మీదకు తోసేస్తారు, కాలువ మూసుకుపోతుంది, ఆ నీళ్ళు మళ్ళీ మన ఇంట్లోకే.

పాతబస్తీ_కర్నూలు

మీ మామకు ఒక మాట చెప్పండి, 2009 అక్టోబరులో తుంగభద్రా హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికొచ్చినప్పుడు మా వీధిలో కింది అంతస్తులే మునిగినాయి. మేం మిద్దె మీద కూర్చుని చూసినాం. ఆ వరద లెక్కన బేస్‌మెంట్ లేపాలంటే ఇల్లు కాదు, వాటర్ ట్యాంకు కట్టుకోవాలి. మీ చోటు నదికి దూరం, మీ భయం నది నీళ్ళు కాదు, రోడ్డు నీళ్ళు. రెంటినీ కలపొద్దు.

విశ్రాంత_ఏఈ

బాబూ, నేను రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. బేస్‌మెంట్ సంగతి పై మిత్రుడు బాగానే చెప్పాడు. అయితే మీరు రెండో ప్రశ్నగా అడిగారే, అదే మొదట అడగాల్సింది.

జాతీయ రహదారికి ఊరి బయట, పొలాల మధ్య రెండు గీతలు ఉంటాయి. రోడ్డు నడిమి గీత నుంచి 40 మీటర్లు బిల్డింగ్ లైన్, 75 మీటర్లు కంట్రోల్ లైన్. 40 లోపల కట్టడం కూడదు, 40కీ 75కీ మధ్య అనుమతితో కట్టుకోవాలి. నాలుగు వరుసల రోడ్డుకు ప్రభుత్వం సేకరించిన స్థలం సాధారణంగా 60 మీటర్ల వెడల్పు, అంటే నడుమ నుంచి అటు 30, ఇటు 30. మీ హద్దు రాయి సరిగ్గా అక్కడే ఉందనుకుంటే బిల్డింగ్ లైను మీ స్థలంలోకి ఇంకో 10 మీటర్లు వస్తుంది. 10 మీటర్లంటే 33 అడుగులు. మీ లోతు 66. సగం పోయినట్టే. మీ రెండు అంగళ్ళూ ఆ సగంలోనే ఉన్నాయి!

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఊరి హద్దులో, సర్వీసు రోడ్డు ఉన్నచోట, మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డుకు ఎంత వెడల్పు చూపించారో దాన్నిబట్టి లెక్క మారుతుంది. మీ స్థలం కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే వాళ్ళ దగ్గరికి, సర్వే నంబరు పట్టుకుని వెళ్ళి, ఈ రోడ్డుకు మాస్టర్ ప్లాన్ వెడల్పు ఎంత, నాకు ఎన్ని మీటర్లు వదలమంటారు అని కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు. హైవే వాళ్ళ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలో లేదో కూడా అక్కడే తేలుతుంది.

మీ పక్కాయనను ఎవరూ ఏమీ అనలేదు అన్నారు. అనరు. రోడ్డు పెంచే రోజు వచ్చేదాకా ఎవరూ అనరు. ఆ రోజు వస్తే పద్ధతి ఇలా ఉంటుంది: 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద ముందు 3ఏ నోటిఫికేషన్, అంటే భూమి తీసుకోబోతున్నామనే ప్రకటన, గెజిట్‌లోనూ రెండు పత్రికల్లోనూ వేస్తారు, అందులో ఒకటి తెలుగు పత్రికై ఉంటుంది. అభ్యంతరం చెప్పుకోవడానికి 21 రోజులు. ఏడాది లోపల 3డీ, అంటే తీసుకున్నామనే ప్రకటన, వేస్తే భూమి కేంద్రానిదైపోతుంది, వేయకపోతే ఆ 3ఏ చెల్లదు. ధర లెక్కగట్టేది 3ఏ వచ్చిన నాటి మార్కెట్ విలువ మీద, 2015 నుంచి 2013 భూసేకరణ చట్టం ప్రకారం దాని మీద నూరు శాతం అదనం కూడా ఇస్తున్నారు. డబ్బు చాలకపోతే ఆర్బిట్రేటర్ దగ్గరికి పోవచ్చు. అయితే ఇదంతా సక్రమంగా కట్టినవాడికి. ప్లాన్ లేకుండా, గీత దాటి కట్టిన గోడకు డబ్బు రాబట్టడం ఎంత కష్టమో నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఏడ్చినవాళ్ళను కూడా చూశాను.

రెండు_షట్టర్లు

సార్ చెప్పింది చట్టం, నేను చెప్పేది కడుపు సంగతి. అంగడి రోడ్డుకు ముప్పై అడుగులు లోపల ఉంటే బాడుగకు ఎవడొస్తాడు? నేను కడపలో ఊరిలోని రోడ్డు మీద పన్నెండేళ్ళ కింద అంచు దాకా కట్టినా, రెండు షట్టర్లు, ఆ బాడుగలతోనే పిల్లల్ని చదివించుకున్నా. రోడ్డు వెడల్పులో ముందర ఆరడుగులు కొట్టేసినారు, నిజమే. చేతికి డబ్బు రాలేదు, టీడీఆర్ బాండు (పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు, అమ్ముకోవచ్చు కూడా) ఇస్తామన్నారు, దాన్ని ఎవరికి అమ్మాలో తెలియక బీరువాలో పెట్టినా. కానీ పన్నెండేళ్ళ బాడుగ ముందర అదెంత చెప్పండి.

విశ్రాంత_ఏఈ

రెండు షట్టర్లు గారూ, మీది మున్సిపల్ రోడ్డు, వీరిది జాతీయ రహదారి. ఆరడుగులు కొట్టేస్తే మీకు షట్టరు వెనక్కి జరిగింది, గది మిగిలింది. వీరికి గదే మిగలదు. పైగా మీ పిల్లర్లు ఎక్కడ ఉన్నాయి? ముందు వరసలో ఉంటే వాటిని కొట్టాక పైన స్లాబు దేని మీద నిలబడి ఉంది?

రెండు_షట్టర్లు

అదృష్టం సార్. ముందర ఆరడుగులు కాంటిలివర్, అంటే కింద పిల్లరు లేకుండా ముందుకొచ్చే స్లాబు, వేయించినా అప్పుడు. తెలివితో కాదు, బేల్దారి వేయమంటే వేసినా.

గరుసు_దొరికేదాకా

నల్లరేగడి అన్నా, నీ పేరే అది పెట్టుకున్నావు, మట్టి గురించి ఒక్క ముక్క అడగలేదేంది? ఎత్తు ఎంతైనా లేపు, కింద నల్లరేగడి ఉంటే ఇల్లు ఊపిరి పీల్చినట్టు లేస్తుంది, దిగుతుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. మా అత్తగారింట్లో నెర్రెల్లో చీపురుపుల్ల వేస్తే మొత్తం లోపలికి పోయేది. గోడలు మూలల్లో, కిటికీల కింద ఏటవాలుగా చీలతాయి, పుట్టీ పెట్టి పెట్టి విసిగిపోతావు.

గుంటలు గరుసు దొరికేదాకా తవ్వించు, లేదా కింద నాపరాయి తగిలేదాకా, మన వైపు చాలాచోట్ల తగులుతుంది. ఐదడుగులకో ఏడడుగులకో, చోటును బట్టి. మరీ లోతైతే ఇంజనీరును పిలిచి అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ వేయించాలేమో కనుక్కో. గుంటల్లోంచి తీసిన నల్లమట్టిని మళ్ళీ బేస్‌మెంట్‌లో నింపనియ్యొద్దు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే జేసీబీ వాడు, కూలీలు, ఆఖరికి బేల్దారి కూడా, ఊరికే వచ్చిన మట్టి కదా అని అందులోనే తోసేస్తారు, నువ్వు మధ్యాహ్నం అన్నానికి పోయి వచ్చేలోపు అయిపోతుంది. గరుసే నింపించు, తొమ్మిది అంగుళాలకొక పొర, నీళ్ళు, దిమ్మిస. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బేతంచెర్ల బండలు బయటికి వాలుగా పరిపించు, వాన నీళ్ళు పునాది పక్కన ఇంకకుండా.

ట్యూబ్‌లెవెల్

పై అన్న మాటకు నూటికి నూరు. ఇంకొకటి, ఆ కొత్త కాలువ ఎక్కడికి పోతుందో నడుచుకుంటూ పోయి చూడండి. కొన్నిచోట్ల కాలువ కట్టుకుంటూ వచ్చి పొలం గట్టు దగ్గర ఆపేస్తారు, ముందుకు దారి ఉండదు. హైవే కింద తూము ఎక్కడుందో, దాని మూతి ఎవరి స్థలంలోకి తెరుచుకుందో చూడండి. హైవే కట్ట చెరువు కట్టతో సమానం, అటు పక్క పొలాల నీళ్ళన్నీ ఆ తూములోంచే రావాలి.

నల్లరేగడి

అందరికీ చాలా థాంక్స్, వారం ఆలస్యమైంది. తెల్లవారుజామున బండ్లు తక్కువ ఉన్నప్పుడు నేనూ మా తమ్ముడూ టేపు పట్టుకుని డివైడర్ నడుమ నుంచి కొలిచినాం. మా హద్దు రాయి 31 మీటర్ల దగ్గర ఉంది. ఏఈ సార్ లెక్కన ఇంకా 9 మీటర్లు, ముప్పై అడుగులు దగ్గర దగ్గర. మా నాయనకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అప్పుడు అమ్మినవాడు ఇది చెప్పలేదే అన్నాడు అంతే.

కాగితం కోసం అర్జీ ఇచ్చినాను, ఇంకా రాలేదు. అంగళ్ళ సంగతి అది వచ్చేదాకా పక్కన పెట్టినా. తూము చూసొచ్చినాను, మా స్థలానికి నాలుగు ప్లాట్ల అవతల తెరుచుకుంది, ముందర వంక ఉంది గానీ సగం పూడ్చి ప్లాట్లు వేసినారు. ఆ ప్లాట్లు కొన్నవాళ్ళెవరో పాపం.

ట్యూబు పెట్టి కూడా చూసినాం. కాలువ పై అంచుకు మా నేల రెండడుగుల తొమ్మిది అంగుళాలు కింద ఉంది. అంటే దాని మీద రెండు కలిపితే మా మామ చెప్పిన నాలుగు కూడా చాలదు, నాలుగు ముప్పావు. ఆయనకు ఇంకా చెప్పలేదు, చెప్తే ఈ జన్మకు ఆపడు. ముందర ముప్పై అడుగులు ఎట్లాగూ వదలాల్సి వస్తే వాలుకు చోటైతే దొరికింది. ఒకటే అనుమానం, రెండుసార్లు కొలిస్తే రెండు అంగుళాల తేడా వచ్చింది, ఏది నమ్మాలి?

ట్యూబ్‌లెవెల్

ట్యూబులో గాలి బుడగ ఉండుంటుంది అన్నా. నీళ్ళు పోసినాక మొత్తం కిందికి జారవిడిచి, బుడగలు పోయేదాకా వేలితో తట్టి, రెండు చివరలూ పక్కపక్కన పెట్టి నీళ్ళు సమానంగా ఉన్నాయో చూసి, అప్పుడు కొలవండి. కొలిచేటప్పుడు ట్యూబు మూతికి బొటనవేలు అడ్డం పెట్టొద్దు, మీ తమ్ముడికి చెప్పండి.